ఎర్ర దీపం వెలిగే దాకా ఆగొద్దు
(కొత్త కారు కొన్నవాళ్లకు ఒక పాత మెకానిక్ అనుభవ పాఠాలు)

రాయదుర్గం వీధుల్లో ఇప్పుడు కొత్త కారు వింత కాదు. జీన్స్ కుట్టే యూనిట్లు నడిపేవాళ్లు, బళ్లారికి రోజూ వెళ్లొచ్చే వ్యాపారులు, పిల్లలు బెంగళూరులో ఉద్యోగాలు చేసే ఇళ్లవాళ్లు, ఎవరి వాకిట్లో చూసినా ఒకటి కనిపిస్తోంది. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ప్రారంభమయ్యాక కార్ల తయారీ కూడా మనకు పొరుగూరి సంగతి అయిపోయింది. అప్పటికి అదీ మన అనంతపురం జిల్లాయే. 2022లో కదా శ్రీ సత్యసాయి జిల్లా వేరైంది. అయితే కారు ఇంటికి దగ్గరైంది గానీ, బానెట్ ఎత్తి చూసే అలవాటు మాత్రం ఇల్లు దాటిపోయింది.

నేను బావుల మీద ఆయిల్ ఇంజన్లు టకటకలాడే కాలంలో పానా పట్టినవాణ్ణి. ఆ తర్వాత ట్రాక్టర్లు, ఖనిజం మోసే లారీలు, అంబాసిడర్లు, ఇప్పుడు ఈ కంప్యూటర్ బళ్లు. అప్పట్లో డ్రైవరు పొద్దున్నే గేజి తీసి ఆయిల్ చూడందే స్టార్టు చేసేవాడు కాదు. చూడకపోతే ఓనరు ఊరుకునేవాడు కాదు. ఇప్పటి ఇంజన్లు ఆనాటివాటికంటే ఎన్నో రెట్లు మేలైనవి, ఒప్పుకుంటాను. కానీ ఆయిల్ లేకుండా తిరిగే ఇంజను ఇంతవరకు ఎవరూ తయారు చేయలేదు. ఈ విషయంలో నాకు తెలిసిన నాలుగు ముక్కలు కొత్తగా బండి కొన్న పిల్లలకు చెబుదామని ఇది రాస్తున్నాను.

1. కొత్త ఇంజనూ ఆయిల్ తాగుతుంది

"షోరూం నుంచి తెచ్చి రెండు నెలలు కాలేదు, అప్పుడే ఆయిల్ తగ్గింది, పాత బండి అంటగట్టారా?" అని గాబరా పడుతూ వచ్చేవాళ్లను తరచూ చూస్తుంటాను. గాబరా అక్కర్లేదు. సిలిండరులో పిస్టన్ నిమిషానికి వేలసార్లు ఎక్కి దిగుతుంది. దాని చుట్టూ మామూలుగా మూడు రింగులుంటాయి. పైవి మంట ఒత్తిడి కిందికి జారకుండా ఆపుతాయి, అడుగుది గోడ మీది ఆయిల్‌ను గీకి మళ్లీ కిందికి దించుతుంది. ఆ గోడ అద్దంలా నున్నగా ఉంటుందనుకుంటారు చాలామంది. ఉండదు. దాని మీద కంపెనీవాళ్లే కావాలని ఒకదాన్నొకటి దాటేలా సన్నని గీతలు గీస్తారు. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే. అది నిలిస్తేనే రింగు గోడను తినకుండా ఉంటుంది. నిలిచిన పొరలో రవ్వంత మంటకు కాలిపోతూనే ఉంటుంది.

కొత్తలో రింగులు గోడకు పూర్తిగా ఒదగవు కాబట్టి ఆ కాలడం కాస్త ఎక్కువ. ఇది కాక వాల్వు కాడల సీళ్ల దగ్గర కొంచెం, ఇంజను అడుగున ఆయిల్ నిలిచే చాంబరులోని ఆవిరిని మళ్లీ ఇంజనులోకి పంపే గొట్టం ద్వారా కొంచెం, టర్బో ఉంటే దాని దగ్గర కొంచెం పోతుంది. ఆయిల్ కొంత తగ్గితే ఇంజనుకు రోగం వచ్చినట్టు కాదు. ఎంత తగ్గుతోందో ఇంటివాళ్లకు తెలియకపోతేనే చిక్కు.

2. ఎర్ర దీపం మట్టం చెప్పదు

మీటర్ బోర్డులో నూనె డబ్బా బొమ్మతో ఒక ఎర్ర దీపం ఉంటుంది. "తగ్గితే అదే వెలుగుతుంది కదా" అనే ధీమా చాలా ఇంజన్లను షెడ్డుకు చేర్చింది. ఆ దీపం చెప్పేది ఆయిల్ ఒత్తిడి గురించి, మట్టం గురించి కాదు. మన పల్లెల్లో బోరు ఎండే ముందు మోటరు కాసేపు నీళ్లు, కాసేపు గాలి కక్కడం రైతులందరికీ తెలుసు. చాంబరులో ఆయిల్ అడుగంటినప్పుడు ఇంజనులోని పంపు పరిస్థితీ అదే. ఆయిల్ బదులు గాలి పీల్చాక గానీ ఒత్తిడి పడిపోదు, ఒత్తిడి పడిపోతే గానీ దీపం వెలగదు. అప్పటికే చాంబరులో ఉండాల్సినదాంట్లో చాలా భాగం పోయి ఉంటుంది. మొదట మలుపుల్లో, బ్రేకు వేసినప్పుడు మిణుకుమంటుంది. అదే ఆఖరి హెచ్చరిక అనుకోండి.

ఆ దీపం వెలిగితే అక్కడికక్కడే పక్కకు ఆపి ఇంజను కట్టేయాలి. "ఊరు ఇంకో రెండు కిలోమీటర్లే" అని లాగించారంటే బేరింగులు అరిగిపోయి ఇంజను పట్టేస్తుంది. కొన్ని బళ్లలో మట్టం తగ్గగానే పసుపు రంగులో ముందే చెప్పే ఏర్పాటు వేరే ఉంటుంది. కొన్ని ఖరీదైన కార్లకు గేజి కడ్డీయే ఉండదు, తెర మీదే చూసుకోవాలి. మీ బండి ఏ రకమో గ్లవ్ బాక్సులో ఉన్న పుస్తకం చెబుతుంది. ఆ పుస్తకం కవరు చింపండి ముందు.

3. చూసే పద్ధతి తెలిసి చూడాలి

బండి చదునైన చోట నిలపాలి. కొండ పక్క వీధుల్లో ఇంటి ముందు వాలు మీద నిలిపి చూస్తే ముందుకు వాలినప్పుడు ఒక లెక్క, వెనక్కి వాలినప్పుడు ఇంకో లెక్క వస్తుంది. ఇంజను వేడెక్కేదాకా నడిపి, ఆపి, అయిదు నుంచి పది నిమిషాలు ఆగండి. పైన తిరుగుతున్న ఆయిల్ చాంబరులోకి దిగాలి. కొన్ని కంపెనీలు చల్లటి ఇంజనుతోనే చూడమంటాయి, అక్కడ పుస్తకం మాటే వినండి.

పసుపు రంగు పిడి ఉన్న కడ్డీని మెల్లగా బయటికి లాగండి. మొదటిసారి కనిపించింది నమ్మొద్దు. అది గొట్టం గోడలకు అంటిన ఆయిల్‌తో పైదాకా తడిసి ఉంటుంది. శుభ్రంగా తుడిచి, చివరిదాకా దించి, మళ్లీ తీయండి. కడ్డీని అడ్డంగా పట్టుకుని వెలుతురులో రెండు వైపులా చూడండి. ఒక పక్క తడి పైకి, ఒక పక్క కిందికి ఉంటే కిందిదే లెక్క. కొన్నిటికి మిన్, మ్యాక్స్ అని, కొన్నిటికి ఎల్, ఎఫ్ అని ఉంటాయి. కొన్నిటికి రెండు చుక్కలో గాట్లో ఉంటాయంతే. తడి అంచు ఆ రెంటి మధ్య ఉంటే సరి. కొత్త ఆయిల్ తేనె రంగులో పల్చగా ఉండి గీత సరిగా కనబడదు. తెల్ల కాగితం మీద కడ్డీని ఆనిస్తే అంచు తేలిపోతుంది.

తుడిచే గుడ్డ గురించి ఒక మాట. మన ఊళ్లో జీన్స్ కటింగ్ ముక్కలకు కొదవ లేదు, షెడ్డుల్లో సంచులకు సంచులు ఉంటాయి. చేతులు తుడుచుకోవడానికి అవి బాగానే పనికొస్తాయి. కానీ కోసిన అంచు నుంచి పోగులు ఊడతాయి, కడ్డీతోపాటు లోపలికి పోతాయి. ఉతికిన పాత బనీను గుడ్డ ఒకటి బండిలోనే పెట్టుకోండి.

4. చూసింది రాసిపెట్టాలి

గీతల మధ్య దూరం చాలా కార్లలో సుమారు లీటరు, కొన్నిటిలో ఇంకా తక్కువ. ఎంతో పుస్తకంలో ఉంటుంది. మ్యాక్స్ గీత దగ్గర మొదలుపెట్టి వెయ్యి కిలోమీటర్లకు సగానికి దిగితే సుమారు అర లీటరు పోయినట్టు. తేదీ, కిలోమీటర్లు, మట్టం, పోస్తే ఎంత పోశారో ఒక చిన్న నోటుబుక్కులో రాయండి. ఫోనులో ఫొటో తీసి పెట్టుకున్నా సరే.

ఈ లెక్క ఎందుకో చెబుతాను. కొన్ని కంపెనీల పుస్తకాల్లో వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు, కొన్నిటిలో లీటరు దాకా తగ్గినా మామూలే అని రాసి ఉంటుంది. అదే సమయంలో ఆయిల్ మార్పు పది వేల కిలోమీటర్లకో ఏడాదికో అంటారు. చిన్న కారు చాంబరులో పట్టేది మూడున్నర, నాలుగు లీటర్లు. వెయ్యికి అర లీటరు చొప్పున పది వేలకు అయిదు లీటర్లు. అంటే వాళ్లు మామూలే అన్న లెక్క ప్రకారమే, మధ్యలో ఎవరూ బానెట్ ఎత్తకపోతే, సర్వీసు తేదీ రాకముందే చాంబరు ఖాళీ. నిజానికి మంచి ఇంజను ఏదీ అంత తాగదు. కానీ మీది తాగుతోందో లేదో మీరు కొలిస్తేనే తెలుస్తుంది.

అమెరికాలో మన పిల్లలు ఇష్టపడి కొనే టొయోటా కామ్రీ సంగతే చూడండి. 2007 నుంచి 2009 దాకా వచ్చిన నాలుగు సిలిండర్ల కామ్రీల్లో చాలావాటికి ఆయిల్ ఎక్కువ తాగే జబ్బు ఉండేది. 2015లో కంపెనీ వాటికి వారంటీ పొడిగించి, అవసరమైనవాటికి పిస్టన్లు, రింగులు మార్చింది. అయితే ఊరికే మార్చలేదు. ఆయిల్ నింపి, 1,200 మైళ్లు తిప్పించి, క్వార్టు, అంటే లీటరుకు కాస్త తక్కువ, తగ్గిందా లేదా అని కొలిచాకే ఒప్పుకుంది. 1,200 మైళ్లంటే మన లెక్కలో 1,900 కిలోమీటర్లకు పైనే. ఎంత పేరున్న కంపెనీ అయినా అడిగేది కొలతే.

5. నిండా పోస్తే పుణ్యం రాదు

"తక్కువైతే కదా ముప్పు, కాస్త ఎక్కువే పోయి అన్నా" అనేవాళ్లకు నేను డబ్బా ఇవ్వను. మ్యాక్స్ గీత దాటి పోస్తే తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. నురగలో గాలి ఉంటుంది, గాలి లోహాన్ని కాపాడదు. ఎక్కువైన ఆయిల్ ఆవిరి గొట్టంలోంచి ఇంజనులోకి వెళ్లి కాలుతుంది, పొగ కొడుతుంది, సీళ్ల మీద ఒత్తిడి పెడుతుంది. కాబట్టి మట్టం తగ్గినప్పుడు పావు లీటరు పోయండి, రెండు నిమిషాలు ఆగండి, కడ్డీ దించి చూడండి. ఇంకా కావాలంటే ఇంకో పావు. రెండు గీతల మధ్య పైభాగంలో ఆగిపోండి. ఎక్కువ పోసి ఉంటే "అదే కాలిపోతుందిలే" అని వదలకుండా తీయించేయండి.

6. మట్టం పెరిగితే సంబరపడకండి

ఇది మా కాలంలో లేని తంటా. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 బళ్లే అమ్మాలన్నారు కదా. ఆ డీజిల్ బళ్లకు పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు పెట్టారు. అది నిండినప్పుడు ఇంజను తనంతట తాను కాస్త ఎక్కువ డీజిల్ పంపి, వేడి పుట్టించి ఆ మసిని కాల్చేస్తుంది. ఇందుకు బండి కొంతసేపు ఆగకుండా రోడ్డు మీద పోవాలి. వినాయక సర్కిల్ దాకా, బడి దాకా, మార్కెట్ దాకా పొట్టి తిరుగుళ్లే తిరిగితే ఆ పని సగంలో ఆగిపోతుంది. ఆ మిగులు డీజిల్‌లో కొంత సిలిండరు గోడల మీదుగా జారి ఆయిల్‌లో కలుస్తుంది. అప్పుడు కడ్డీ మీద మట్టం పెరుగుతుంది.

"చూశావా, నా బండి ఆయిల్ తాగడమే లేదు, పైగా పెరిగింది" అని మురిసిన ఓ వ్యాపారి చేత కడ్డీ వాసన చూపించాను. గుప్పుమని డీజిల్ వాసన. అలా పల్చబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు, మార్చేయాల్సిందే. ఊళ్లోనే తిరిగే డీజిల్ బండిని అప్పుడప్పుడూ బళ్లారి రోడ్డు మీదో కళ్యాణదుర్గం రోడ్డు మీదో అరగంటకు తక్కువ కాకుండా ఒకే ఊపులో నడపండి. ఫిల్టరు దీపం వెలిగినప్పుడు పుస్తకంలో చెప్పినట్టు నడిపి దాన్ని ఆరిపోనివ్వండి.

7. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఓపిక పట్టండి

మన పక్క బండి కొంటే మురడి, కసాపురం, నేమకల్లు ఆంజనేయస్వాములను ఒకే రోజులో చూసిరావడం ఆనవాయితీ. శ్రావణ శనివారమైతే ఇంటిల్లిపాదీ ఎక్కుతారు. పూజ చేయించండి, నిమ్మకాయలు తొక్కించండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ కొత్త బండిలో సీట్లకు మించి ఎక్కించి, డిక్కీ నింపి, మీటరు ముల్లు చివరిదాకా తోయకండి. మొదటి వెయ్యి కిలోమీటర్లలో ఇంజనును అరిపించకూడదు, అలాగని గంటల తరబడి ఒకే వేగంతోనూ పోకూడదు. వేగం మారుతూ, గేర్లు మారుతూ పోతే రింగులు గోడకు బాగా ఒదుగుతాయి. ఈ కాలంలో ప్రతి 500 కిలోమీటర్లకు ఒకసారి కడ్డీ చూడండి.

ఆ తర్వాత కూడా ఒకటి గుర్తుంచుకోండి. అనంతపురం చేరి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి బెంగళూరు దాకా ముల్లు దించకుండా తోలే బండి, ఊళ్లో నిదానంగా తిరిగే బండికంటే ఆయిల్ ఎక్కువే తాగుతుంది. దూరం వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చూడటం మంచిది. టర్బో బండి అయితే వేగంగా వచ్చి ఆపగానే తాళం తిప్పేయకుండా అర నిమిషమో నిమిషమో ఊరికే నడవనివ్వండి.

8. మన దుమ్ము మామూలు దుమ్ము కాదు

వానలు తక్కువ, గాలి ఎక్కువ అయిన నేల మనది. హగరి ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ పక్క ఇసుక మేటలు చేలను కప్పేసిన సంగతి అందరికీ తెలిసిందే. డి.హీరేహాళ్ పక్క ఎర్ర ఖనిజం దుమ్ము. ఈ ఇసుక ధూళి ఎయిర్ ఫిల్టరు దాటి లోపలికి పోతే రింగులకూ గోడకూ మధ్య ఆకురాయి పెట్టినట్టే. రింగులు అరిగాక ఆయిల్ తాగుడు మొదలవుతుంది, దాన్ని ఏ ఆయిలూ మాన్పలేదు.

ఫిల్టరు మార్పుకు పుస్తకంలో రెండు లెక్కలు ఉంటాయి. ఒకటి మామూలు రోడ్లకు, రెండోది దుమ్ము, ఎండ ఎక్కువున్న చోట్లకు. మనకు వర్తించేది రెండోదే. ఫిల్టరు పెట్టె క్లిప్పులు సరిగా పట్టాయో లేదో కూడా చూడండి. క్లిప్పు వదులైతే కొత్త ఫిల్టరు ఉన్నా లేనట్టే. ఇంకో మాట: గాలి వీస్తుండగా ఆయిల్ మూత తెరిచి పెట్టి మాట్లాడుతూ నిలబడకండి. తీసే ముందు మూత చుట్టూ తుడవండి, పోయగానే బిగించండి.

9. డబ్బా మీది అంకెలు చదివి కొనండి

మా రోజుల్లో ఎండాకాలం చిక్కటి ఆయిల్ పోసేవాళ్లం. ఆ అలవాటుతో ఇప్పటికీ "మన ఎండలకు 20డబ్ల్యు-50 పోయి" అనేవాళ్లు ఉన్నారు. ఇప్పటి ఇంజన్లలో సందులు సన్నం, దారులు సన్నం. వాటికి 0డబ్ల్యు-20, 5డబ్ల్యు-30 లాంటివి రాసి ఉంటాయి. డబ్ల్యుకు ముందున్న అంకె చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో, తర్వాతది ఇంజను వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. మన ఎండ కంటే ఇంజను లోపలి వేడి ఎంతో ఎక్కువ, దాన్ని లెక్కలోకి తీసుకునే కంపెనీ ఆ అంకె రాసింది. మసి ఫిల్టరున్న డీజిల్ బండికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి. వేరేది పోస్తే ఫిల్టరు పూడుకుపోతుంది.

టాపప్‌కు అదే రకం లీటరు డబ్బా ఒకటి ముందే కొని బండిలో ఉంచండి. సీలు చూసి, బిల్లు తీసుకుని కొనండి. ఖాళీ డబ్బాను పారేసే ముందు మేకుతో రెండు బొక్కలు పొడవండి. మంచి డబ్బాలు నకిలీ ఆయిల్‌వాళ్ల చేతికి పోకుండా మనం చేయగలిగిన మేలు అదొకటి.

10. పొగ, మరక, రంగు చూడండి

తగ్గిన ఆయిల్ రెండు దారుల్లోనే పోతుంది. కాలుతుంది, లేదా కారుతుంది. రాత్రి బండి నిలిపేచోట అట్టముక్క పరచండి. పొద్దున నల్లటి చుక్కలుంటే కారుతున్నట్టు. డ్రెయిన్ నట్టు, ఫిల్టరు దగ్గర బిగింపు చూడాలి. అట్ట శుభ్రంగా ఉండి, స్టార్టు చేసినప్పుడు నీలం రంగు పొగ వస్తే కాలుతున్నట్టు. నల్ల పొగ ఇంధనం ఎక్కువైనదానికి గుర్తు. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే నీళ్ల వైపు చూడాలి. మూత అడుగున పాలు కలిపిన కాఫీ రంగు నురగ పేరుకుంటే తేమో కూలెంటో ఆయిల్‌లో కలిసినట్టు, మెకానిక్‌కు చూపించండి. డీజిల్ బండి ఇంజనాయిల్ త్వరగా నల్లబడితే మాత్రం కంగారు వద్దు, మసిని తనలో పట్టుకోవడం దాని పనే.

11. సర్వీసు నుంచి వచ్చిన రోజే చూడండి

సర్వీసులో ఆయిల్ తక్కువ పోసిన బళ్లూ చూశాను, గీత దాటి పోసిన బళ్లూ చూశాను. ఫిల్టరు మార్చకుండా బిల్లు వేసిన బళ్లూ ఉన్నాయి. బండి చేతికి రాగానే అక్కడే, వాళ్ల ముందే కడ్డీ తీసి చూడండి. అనుమానించినట్టు కాదు, అది మీ హక్కు.

ఆయిల్ నిజంగా ఎక్కువ తాగుతోందనిపిస్తే గొంతు పెంచి లాభం లేదు. మీ నోటుబుక్కు ముందుంచి, "ఆయిల్ కన్సంప్షన్ టెస్టు చేయండి" అని రాతపూర్వకంగా అడగండి. మ్యాక్స్ దాకా నింపి, సీలు వేసి, వెయ్యి కిలోమీటర్లు తిప్పి కొలుస్తారు. ఆ జాబ్ కార్డు నకలు తీసుకోండి. వారంటీ ఉండగానే ఇది చేయించాలి. గడువు దాటాక మీ దగ్గర ఎంత న్యాయం ఉన్నా ఖర్చు మీదే.

అబ్బాయిలూ, అమ్మాయిలూ, చెప్పాల్సింది ఇంతే. కొత్త బండికి మొదటి 5,000 కిలోమీటర్ల దాకా ప్రతి 500కు ఒకసారి, ఆ తర్వాత నెలకోసారి, దూర ప్రయాణానికి ముందు తప్పనిసరిగా చూసుకోండి. ఆయిల్ డబ్బా వందల్లో దొరుకుతుంది, ఇంజను పని పడితే లక్షల్లో మాట. ఒక పాత బనీను గుడ్డ, పది నిమిషాల సమయం ఎవరి దగ్గరైనా ఉంటాయి. ఈ ఆదివారమే బానెట్ ఎత్తండి.